ముక్కు మళ్ళీ కట్టచ్చు అని ఒక్క మాట చెప్పండి సార్

నెల్లూరు, ప్రకాశం జిల్లాల పీహెచ్‌సీల్లో, ఏరియా ఆస్పత్రుల్లో పనిచేసే డాక్టర్లకు, స్టాఫ్ నర్సులకు, ఏఎన్ఎం అక్కలకు, ఆశా అక్కలకు, 108 బండ్లలో తిరిగే తమ్ముళ్ళకు నమస్కారం.

నేను మామిడి అంట్లు కట్టేవాణ్ణి. కలిగిరి రోడ్డులో ఒక నర్సరీలో పద్దెనిమిదేళ్ళుగా అదే పని, ఊరేమో ఉదయగిరి కొండల కింద. వైద్యం గురించి మీకు చెప్పేంత చదువు నాకు లేదు. కానీ మా ఇంట్లో దగ్గర దగ్గర మూడేళ్ళు ఊరికే పోయినాయి, ఒక్క మాట ఎవరూ చెప్పక పోయినాయి, ఇంకొకరింట్లో అట్టా పోకూడదని రాస్తా ఉండా. కాస్త పెద్ద ఉత్తరమే, ఓపీ రష్ లేనప్పుడు చదవండి.

2019 అక్టోబర్‌లో మా అమ్మ ఇంకో ఇద్దరు ఆడోళ్ళతో కలిసి సీతాఫలాలకు కొండకు పోయింది. మా పక్క పల్లెల్లో అది మామూలే, తెల్లారుజామున పోయి పదిగంటలకు గంపతో దిగేస్తారు, వింజమూరులోనో ఉదయగిరిలోనో అమ్ముకుంటే ఆ నెల రోజులు ఇంటి ఖర్చు వెళ్ళిపోతది. సీతాఫలాలంటే మనుషులకే కాదు ఎలుగుబంటికీ ఇష్టమే గదా. పొద కింద పిల్లతో పాటు ఉండిందంట, వీళ్ళు చూసుకోలా. ఎలుగుబంటి చిరుతపులి లెక్క పట్టుకోని లాక్కపోదు, భయపడితే లేచి నిలబడి మొహం మీద కొడతది. పుట్టలు తవ్వే గోళ్ళు అవి, మూడు నాలుగు అంగుళాలు ఉంటాయి. ఒకటే దెబ్బ. మిగతా ఇద్దరూ గంపలు కొట్టుకుంటా అరిస్తే అది పోయింది. అమ్మను మంచం మీద కిందికి మోసకొచ్చినాం, 108 వచ్చింది, ఆ తమ్ముళ్ళు దోవ పొడుగునా ఆమెను పక్కకు తిప్పి పడుకోబెట్టి రక్తం గొంతులోకి పోకుండా చూసినారు కాబట్టే బతికిందని తర్వాత తెలిసింది. వాళ్ళకు ఇప్పటికీ దణ్ణం పెడతా.

ఆస్పత్రిలో కడిగినారు, కుక్క కరిస్తే వేసే సూదులే గాయం చుట్టూ వేసినారు, నొసలు, బుగ్గ కుట్లు వేసినారు. ముక్కు కింద సగం లేదు. కొన, రెండు పక్కల రెక్కలు, మధ్యలో గోడ కొంచెం పోయినాయి. ఒక ముక్క చర్మాన్ని పట్టుకోని వేలాడతా ఉండె, దాన్ని కత్తిరించి బకెట్లో వేసినారు. అది నిలబడే ముక్కో కాదో నాకు తెలియదు, అడగాలని కూడా నాకు తోచలా ఆ పొద్దు. డిశ్చార్జి రోజు అడిగినా, ముక్కు సంగతేంది సార్ అని. "ప్రాణం దక్కింది, సంతోషపడండి, ముక్కు పోయింది గదా ఇంక ఏం చేస్తాం" అనినారు. అది ఏ ఆస్పత్రో, ఏ డాక్టరో నేను రాయను. కోపం లేక కాదు, ఆ రోజు క్యాజువాలిటీలో ఆయన ఒక్కడే, బయట లారీ యాక్సిడెంట్ వాళ్ళు ముగ్గురు ఉండారు. కానీ ఆ మాట మా ఇంట్లో మూడేళ్ళు శిలాశాసనం లెక్క నిలిచిపోయింది సార్. పెద్ద డాక్టరే పోయిందన్నాక పల్లెటూరోళ్ళం ఇంకెవర్ని అడుగుతాం?

ముక్కు లేకపోవడం అంటే అందం పోవడం అని అందరూ అనుకుంటారు, మేమూ అట్టే అనుకున్నాం. ఇంట్లో మనిషికి జరిగితే గానీ తెలియదు. గాలి నేరుగా లోపలికి పోయి లోపలంతా ఎండిపోతది, పొక్కులు కడతది, పొక్కు ఊడితే రక్తం. దుమ్ము లోపలికే. ఈగలు. వంట చేస్తా ఉంటే చెమట లోపలికి కారతది. మాట కూడా మారిపోయింది. అమ్మ కొంగు మొహం మీద నించి తియ్యడం మానేసింది. పెళ్ళిళ్ళు మానింది, మా చెల్లెలి సీమంతానికి కూడా వంటింట్లోనే కూర్చునింది. ముక్కుపుడక డబ్బీలో పెట్టి ట్రంకుపెట్టె అడుక్కు తోసేసింది.

ఒక విచిత్రం చెప్తా. కరోనా వచ్చింది, ఊరంతా మాస్కులు పెట్టింది, అందరూ ఏడస్తా ఉంటే మా అమ్మ మాత్రం బయటికి రాసాగింది. రేషన్ షాపుకు పోయింది, బ్యాంకులో లైన్‌లో నిలబడింది, బస్సెక్కి వింజమూరు పోయొచ్చింది. ఎవరూ తేరిపార చూసేది లేదు, అందరి మొహాలూ ఒకటే. ఊళ్ళో మాస్కులు తీసేసిన వారానికి మళ్ళీ ఇంట్లోకి పోయింది. అప్పుడు నాకు అర్థమైంది ఆమెకు ఏం పోయిందో.

2022 వానలు పడతా ఉండగా నర్సరీకి ఒక పెద్దామె వచ్చింది, రిటైరైన నర్సు, రెండు బంగినపల్లి అంట్లు కావాలని. ఆ రోజు అమ్మ నాకు క్యారియర్ తెచ్చి ఉండె. ఆమె కొంగు చూసింది, నర్సు కళ్ళు గదా, చల్లగా దగ్గరికి పోయి "ఏమైందమ్మా" అని కొంగు తీసి చూసి, నా వైపు తిరిగి తిట్టింది. "ఇది కట్టచ్చు కదయ్యా, ఇంత కాలం ఏం చేస్తా ఉండావు" అనింది. నేను నోరు తెరుచుకోని నిలబడినా. మూడేళ్ళలో ఆ మాట అన్న మొదటి మనిషి మామిడి మొక్క కొనేదానికి వచ్చిన మనిషి. ఆమె రాకపోయి ఉంటే, లేకపోతే అంట్లు కలిగిరిలో కాకుండా ఇంకోచోట కొనుక్కొని ఉంటే, మా అమ్మ ఇప్పటికీ వంటింట్లోనే ఉండేది.

ప్లాస్టిక్ సర్జరీ అంటే మా నాయన ఒప్పుకోలా. బిందెలు, కుర్చీలు చేసే ప్లాస్టిక్ మొహానికి పెడతారేమో, ఎండకు మెత్తబడదా అని ఆయన అనుమానం, నవ్వకండి, మా వీధిలో సగం మంది అట్టే అనుకున్నారు, మిగతా సగం మంది అది సినిమావాళ్ళు చేయించుకునేది మనకెందుకు అనినారు. ప్లాస్టిక్ అంటే గ్రీకు మాటలో మలచడం అని, ఆ సామాను పుట్టకముందే ఆ మాట ఉందని చెన్నైలో డాక్టర్ చెప్తే గానీ మా నాయన కుదుటపడలా.

చెన్నైలో ఒక పెద్దాస్పత్రికి పోయినాం, నెల్లూరు దాకా బస్సు, ఆడనించి రైలు. అక్కడి సర్జన్ నేను అంట్లు కడతానని తెలుసుకోని, అయితే నీకు చెప్పడం తేలిక అని మొదలుపెట్టినాడు. ఇది ఇక్కడ వివరంగా రాస్తా, ఎందుకంటే మీరు రేపు ఒక రైతుకు చెప్పాలంటే ఈ లెక్కనే చెప్పచ్చు.

తొడ మీద నించి పలచగా చర్మం తీసి ఇంకోచోట అతికించడం ఒక పద్ధతి, గ్రాఫ్ట్ అంటారు. ఆ చర్మానికి సొంత రక్తం ఉండదు, అతికించిన చోట కింద నించి రక్తం పీల్చుకోని బతకాల. మేము పుల్ల కోసి వేరు మొక్కకు గాటు పెట్టి కట్టేది అట్టాంటిదే, కింద మొక్కలో సారం ఉంటేనే చిగురు. కానీ ముక్కు ఊడిపోయిన చోట కింద ఏముంది? బొక్క. దాని మీద ఉత్త చర్మం వేస్తే ఎండి రాలిపోతది. అందుకని సొంత రక్తనాళంతో సహా కండను, చర్మాన్ని పక్కనించి తిప్పి తెచ్చి వేస్తారు, దాన్నే ఫ్లాప్ అంటారు. ముక్కుకైతే నొసటి చర్మం. కనుబొమ్మ లోపలి కొన దగ్గర ఒక చిన్న రక్తనాళం పైకి పోతది, దాన్ని వదలకుండా, కింద కాడ ఉంచి, నొసటి చర్మాన్ని నిలువుగా లేపి తలకిందులుగా తిప్పి ముక్కు మీదకు దించి కుడతారు. కాడ మాత్రం కొయ్యరు. కింద ముక్కు నించి కొత్త చర్మంలోకి రక్తం పారేదాకా ఆ కాడే దానికి అన్నం పెట్టాల.

నాకు ఒళ్ళు జలదరించింది. పాతకాలం అంటు అదే సార్! కుండీలో మొక్కను తల్లిచెట్టు కొమ్మ పక్కకు తీసకపోయి, రెండింటికీ చెక్కు తీసి, కొమ్మను చెట్టు నించి కొయ్యకుండానే కలిపి కట్టి వదిలేసేవాళ్ళు, అతుక్కున్నాక కింద తల్లికొమ్మను కోసేవాళ్ళు. మా నర్సరీ మేస్త్రి ఇప్పటికీ ఆ అంటే గట్టిదంటాడు. తొందరపడి ముందే కోస్తే వాడిపోతది. డాక్టరూ అదే అనినాడు, మూడు వారాల ముందు కోసేది లేదని. మా అమ్మకైతే మూడు వారాలకు ఒకసారి లేపి లోపల కొవ్వు తీసి పలచన చేసి మళ్ళీ కుట్టినారు, ఆరు వారాలకు కాడ కోసినారు.

చర్మం ఒకటే చాలదంట. ముక్కంటే మూడు పొరలు, లోపల తడిగా ఉండే పొర, మధ్యలో గుడారానికి కర్రల లెక్క మృదులాస్థి అనే మెత్తటి ఎముక, పైన చర్మం. ఏ ఒక్కటి తప్పినా ముక్కు కొన్నాళ్ళకు ముడుచుకోని కూలిపోతది. మా అమ్మకు పక్కటెముక దగ్గరి మృదులాస్థి తీసి చెక్కి లోపల నిలబెట్టినారు. ఆపరేషన్‌కు ముందు కుట్టు దారం ప్యాకెట్‌లో వచ్చే రేకు కాగితం తీసుకోని ముక్కు ఆకారానికి కత్తిరించి, దాన్ని నొసటి మీద పరిచి గీత గీసినారంట. సుశ్రుతుడు కూడా ముక్కు కొలతకు ఆకు కోసి పెట్టుకోమని రాసినాడంట, ఆయన చెప్పింది బుగ్గ చర్మంతో.

ఇంకో కథ కూడా చెప్పినాడు ఆ డాక్టర్, అది విన్నాక మా నాయనకు పూర్తిగా ధైర్యం వచ్చింది. ఇంగ్లీషు సైన్యానికి ఎద్దులబండి తోలే కవాస్జీ అనే మనిషి 1792 మైసూరు యుద్ధంలో టిప్పు సుల్తాన్ వాళ్ళకు చిక్కినాడంట, ముక్కు, ఒక చెయ్యి నరికేసినారు. ఏడాది అట్టే తిరిగినాడు. తర్వాత పుణె దగ్గర ఇటుకలు చేసే కులం ఆయన ఒకడు, చదువుకున్న డాక్టర్ కూడా కాదు, మైనంతో ముక్కు అచ్చు తీసి, దాన్ని నొసటి మీద పరిచి గీత గీసి, చర్మం లేపి, రెండు కళ్ళ మధ్య కాడ ఉంచి తిప్పి కుదిర్చినాడు. అతికేదానికి వాడింది మన తమలపాకులో వేసుకునే కాచు, తడిపి గుడ్డపీలికల మీద పూసి పెట్టినాడు. ఇరవై అయిదో రోజుకు కాడ కోసినాడు. ఇద్దరు తెల్ల డాక్టర్లు దగ్గరుండి చూసినారు, 1794లో లండన్ పత్రికలో బొమ్మతో సహా వేసినారు, అది చదివి ఇరవై ఏళ్ళకు, 1814లో కార్ప్యూ అనే ఆయన లండన్‌లో ఇట్టే చేసినాడు. అంటే సార్, ప్రపంచమంతా మన దగ్గర నేర్చుకోని పోయిన పని ఇది, బండి తోలేవాడికి ఇటుకల ఆయన చేసిన పని. రెండు వందల ఏళ్ళ తర్వాత సీతాఫలాలు అమ్ముకునే ఆమెకు మాత్రం "పోయింది గదా" అనే మాట దక్కింది. ఇది నాకు ఇప్పటికీ మింగుడు పడలా.

ఆ ఆరు వారాలు చెన్నైలో ఆస్పత్రి దగ్గరే చిన్న రూమ్ తీసుకోని ఉన్నాం. నొసటి నించి ముక్కు దాకా లావు కాడ, చూసేదానికి భయంగానే ఉంటది, ముందే చెప్పకపోతే ఇంట్లోవాళ్ళు బెదిరిపోతారు. మా చెల్లెలి కొడుకు, చిన్నోడు, వీడియో కాల్‌లో చూసి "అవ్వకు తొండం వచ్చింది, వినాయకుడు అయిపోయింది" అని అరిచినాడు. మేమంతా బిగుసుకపోయినాం. అమ్మ నవ్వింది. కుట్లు లాగుతాయని చెయ్యి అడ్డం పెట్టుకోని మరీ నవ్వింది. ఇంకో తమాషా, కొత్త ముక్కు మీద ఈగ వాలితే ఆమెకు నొసట వాలినట్టు తెలిసేది. ముక్కు తుడిస్తే నొసలు తుడిచినట్టు. నరం ఇంకా పాత ఊరి అడ్రస్సే చెప్తా ఉండిందన్నమాట. కాడ కోసినాక కొన్నాళ్ళు మొద్దుబారి, తర్వాత మెల్లగా తెలివి వచ్చింది.

ఆ వార్డులో ఎన్ని మొహాలు చూసినానో. కనిగిరి వైపు ఆయన ఒకాయన, ఖైనీ బుగ్గన పెట్టి పెట్టి క్యాన్సర్ వస్తే బుగ్గ తీసేసి రొమ్ము కండ తెచ్చి కుట్టినారు, భుజం కింద నించి వచ్చే రక్తనాళం మీద దాన్ని మెడ లోపలి నించి పైకి తిప్పుతారంట. పాపం ఆయన రొమ్ము మీద వెంట్రుకలు ఇప్పుడు నోట్లో మొలస్తా ఉండాయి, భార్య జోకులు వేస్తా ఉండె, ఆయనా నవ్వేవాడు. ఇంకొకాయనకు దవడ ఎముక తీసేసి కాలి పిల్ల ఎముక పెట్టినారు, రక్తనాళంతో సహా పూర్తిగా కోసి తెచ్చి మెడలో నాళాలకు మైక్రోస్కోప్ కింద వెంట్రుక కంటే సన్నటి దారంతో కుట్టేది అది. అట్టాంటి వాళ్ళ దగ్గర మొదటి రెండు మూడు రోజులు నర్సులు నిద్రపోరు, గంట గంటకు టార్చి వేసి రంగు చూస్తారు, పాలిపోతే రక్తం రావట్లా, నల్లగా నీలంగా ఉబ్బితే రక్తం తిరిగి పోవట్లా, ఏదైనా అర్ధరాత్రే మళ్ళీ థియేటర్‌కు. అందరికీ ఒకటే రూలు, బీడీ సిగరెట్ పూర్తిగా బంద్, పొగ ఆ చిన్న నాళాలను బిగించేస్తదంట. ఒకాయన బాత్రూంలో దొంగతనంగా బీడీ తాగి సిస్టర్‌కు దొరికినాడు, ఆమె పెట్టిన చీవాట్లు కింద ఫ్లోర్‌కు వినపడినాయి.

నిజం చెప్పాల, పాత ముక్కు రాలా. నొసట నిలువు మచ్చ ఉంది, ముక్కు ఒక పక్క కొంచెం లావు, ఎండలో రంగు తేడా తెలుస్తది. తర్వాత ఇంకోసారి పోయి రంధ్రం వెడల్పు చేయించుకోనొచ్చినాం. కానీ గాలి సరిగా పీలుస్తది, పొక్కులు లేవు, ఈగల బాధ లేదు. మొన్న రొట్టెల పండక్కి నెల్లూరు పోయి స్వర్ణాల చెరువులో, అంత జనంలో, కొంగు భుజం మీద ఉంచుకోని నిలబడింది. పక్కనామె ఏమైంది తల్లీ అని అడిగితే ఎలుగుబంటి కథ మొత్తం చెప్పింది, అరగంట.

ఇప్పుడు మీకు నా మనవి. మా జిల్లాలకు ఇట్టాంటి సర్జన్లను వెయ్యండి అని నేను మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదని నాకు తెలుసు. మీ చేతిలో ఉండేది మాట. ఎలుగుబంటి కొట్టినా, కుక్క కరిచినా, హైవే మీద బండి పడినా, యాసిడ్ పడినా, క్యాన్సర్‌కు దవడ తీసేసినా, మొహంలో ఏదైనా పోయిన మనిషి మీ బల్ల ముందుకు వస్తే ప్రాణం సంగతి చూసినాక, డిశ్చార్జి లోపల, "ఇది మళ్ళీ కట్టచ్చు, దానికి వేరే డాక్టర్లు ఉండారు" అని చెప్పండి. చీటీ మీద ప్లాస్టిక్ సర్జరీకి పంపించాల అని ఒక లైన్ రాయండి. గాయం మానేదాకా కొన్ని నెలలు ఆగాల్సి రావచ్చు, అది మాకూ అర్థమయితది, అంటు కట్టేవాడికి ఆగడం కొత్త కాదు. ఆగమని చెప్పడం వేరు, అయిపోయిందని చెప్పడం వేరు సార్. పాత గాయం అయినా ఫరవాలేదని కూడా చెప్పండి, మా అమ్మకు మూడేళ్ళ తర్వాతే చేసినారు, మీ ఊళ్ళలో కొంగు చాటున, తువ్వాలు చాటున తిరిగే వాళ్ళు ఎవరెవరో ఆశా అక్కలకు తెలియకుండా ఉండదు.

యాడికి పంపాలంటారా, తిరుపతి స్విమ్స్‌లో ఉంది ప్లాస్టిక్ సర్జరీ, చెన్నై స్టాన్లీలో ఉంది, వేలూరు సీఎంసీలో ఉంది. ఎన్టీఆర్ వైద్య సేవలో ఏది వస్తది ఏది రాదు అనేది ఆరోగ్యమిత్ర కంప్యూటర్‌లో చూసి చెప్తాడు, అడగమని మాకు చెప్పండి చాలు. యాసిడ్ బాధితులకైతే ప్రైవేట్ ఆస్పత్రులు కూడా ఫ్రీగా చెయ్యాలని, మళ్ళీ కట్టే ఆపరేషన్లతో సహా, సుప్రీంకోర్టు 2015లోనే చెప్పింది, ఆ సంగతి ఎంతమందికి తెలుసో.

108 తమ్ముళ్ళకు ఒక మాట. ఊడిన ముక్క కనపడితే, చెవి గానీ ముక్కు గానీ, పారెయ్యద్దు, తడిగుడ్డలో చుట్టి ప్లాస్టిక్ కవర్లో మూతి కట్టి, ఆ కవర్‌ని ఐసు నీళ్ళలో పెట్టండి, ఐసు నేరుగా తగలకూడదు. మీకు ట్రైనింగ్‌లో చెప్పే ఉంటారు, కానీ ఊళ్ళో జనం దాన్ని చీరకొంగులో మూట కట్టి ఇస్తారు, లేకపోతే అక్కడే వదిలేస్తారు, మీరే అడిగి తెప్పించాల. జంతువు కొట్టిన గాయానికి ఊళ్ళోవాళ్ళు పసుపు, కాఫీపొడి అద్దకముందే సబ్బు నీళ్ళతో పదిహేను నిమిషాలు కడగమని ఫోన్‌లోనే చెప్పండి.

సీతాఫలాల కాలం మళ్ళీ వస్తా ఉంది. మా పక్క, సీతారామపురం పక్క, అటు పాత ప్రకాశం జిల్లాలో దోర్నాల, ఎర్రగొండపాలెం పక్క ఆడోళ్ళు మళ్ళీ కొండెక్కుతారు, ఆపితే ఆగరు, అది వాళ్ళ బతుకు. అందుకని ప్రతి పీహెచ్‌సీ గోడ మీద, టీకాల చార్టు పక్కన, ఒక కాగితం అంటించండి. మొహంలో ఏది పోయినా మళ్ళీ కట్టే వైద్యం ఉంది, అడగండి, అని పెద్ద అక్షరాల్లో. అచ్చు ఖర్చు మేం పెట్టుకుంటాం, ఉదయగిరిలో ఫ్లెక్సీ షాపాయన తక్కువలో వేస్తానన్నాడు. ఫోటో కావాలంటే మా అమ్మది వేసుకోండి, ముందుది, తర్వాతది రెండూ. మూడేళ్ళు మొహం దాచుకున్న మనిషి తనంతట తనే అనింది వెయ్యమని. ఒకటే షరతు పెట్టింది, తర్వాతది మాత్రం బొట్టు పెట్టుకున్న ఫోటో వెయ్యాలంట, నొసటి మచ్చకు కొంచెం ఎడంగా పెట్టుకుంటా ఉంది ఇప్పుడు.